ఏడో గడి

కార్మిక శాఖ ఆఫీసు, రెండో అంతస్తు,
పదకొండో నంబరు కిటికీ.
గుమాస్తా శివలింగప్ప గారి బల్ల మీద
సగం తాగిన బాదంపాలు మీగడ కట్టింది.
ఆరు గడులు ఇంట్లోనే నింపుకొచ్చాను:
పేరు హేమావతి, తండ్రి తిప్పేస్వామి,
సొంతూరు మడకశిర, ఉండేది మడివాళ,
ఉద్యోగం పోయిన తేదీ, పోయిన కారణం.
ఏడో గడి దగ్గర ఆయన పెన్ను ఆగింది.
"తయారుచేసిన వస్తువు?"

తొమ్మిదేళ్లు రాత్రిళ్లు మాట్లాడాను సార్.
నేనెప్పుడూ చూడని ఊళ్లలో
ఎవరికో చేరని పరుపు గురించి,
ఎవరి ఖాతాకో తిరిగిరాని నలభై డాలర్ల గురించి.
ఒక ముసలాయన భార్య పోయాక
ఆమె పేరున ఉన్న కనెక్షన్ తీయించడానికి ఫోన్ చేసి
తీయొద్దని చెప్పి పెట్టేశాడు.
అది కూడా నా లెక్కలోనే పడింది, ఒక కాల్‌గా.

"అది సేవమ్మా. వస్తువు కాదు."
ఆయన చెడ్డమనిషి కాదు.
రూల్సు పుస్తకం నా వైపు తిప్పి
వేలు పెట్టి మరీ చదివించాడు:
విదేశీ వ్యాపారం వల్ల ఉత్పత్తి ఆగి
ఉపాధి కోల్పోయినవారు అర్హులు.
"ఉత్పత్తి" దగ్గర ఆయన గోరు
కాగితాన్ని కొంచెం గీరింది.

సేవంటే మా అవ్వ మాటల్లో
మంచంపట్టినోళ్లకు చేసేది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం
మా ఫ్లోరు మొత్తం మనీలాకి వెళ్లిపోయింది.
కుర్చీలు వెళ్లలేదు, ఏసీ వెళ్లలేదు,
గోడ మీది "నవ్వు వినిపించాలి" అనే బోర్డు వెళ్లలేదు.
వెళ్లినదాన్ని ఆరువారాలు నేనే మూటగట్టాను,
స్క్రీన్‌లో కూర్చున్న మారిసెల్ అనే పిల్లకి:
తిడితే మూడు లెక్కపెట్టు.
తర్వాత క్షమించమను.
ఆ తర్వాతే పేరు అడుగు.
తొందరగా నేర్చుకుంది.
ఓసారి ఆమె వెనక ఎక్కడో కోడి కూసింది,
ఇద్దరం పాఠం ఆపి నవ్వుకున్నాం.
ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను,
రాలేదు.

బెంచీ మీద నా పక్కన మునిరత్నమ్మ.
బొమ్మనహళ్లి గార్మెంట్స్, కాజాల సెక్షన్.
ఆమె చొక్కాలు కూడా సముద్రం దాటాయి, ఢాకా వైపు.
ఏడో గడిలో ఒక్క మాట రాసింది:
"చొక్కా". ఇక ప్రశ్నే లేదు.
కానీ కంపెనీవాళ్లు తీసేసినట్టు లెటరివ్వలేదు,
సూపర్వైజరు ఫోనెత్తడు, నెల నుంచీ తిరుగుతోంది.

"నంబరివ్వక్కా" అన్నాను.
మెట్ల దగ్గర నిలబడి
నా రాత్రి గొంతు తీశాను.
నాలుగుచోట్లకి మార్చారు, రెండుసార్లు కట్ చేశారు,
ఒకాయన అరిచాడు.
ఒకటి, రెండు, మూడు.
"మీ సమయం తీసుకుంటున్నందుకు క్షమించండి సార్,
మీ పేరు తెలుసుకోవచ్చా?"
పదకొండు నిమిషాలు.
లెటరు ఆమె ఫోన్లోకి టింగుమని పడింది.
కింద జిరాక్సు షాపులో ఐదు రూపాయలకి
అది కాగితమైంది.

కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు శివలింగప్ప.
ఆమె ఫారానికి ముద్ర కొట్టి
"బాగా మాట్లాడ్తీరమ్మా" అన్నాడు నాతో.
నా ఫారం మాత్రం నాకే ఇచ్చేశాడు.
"ముందిన వార బన్ని, పైనోళ్లని అడిగి చెప్తా."

బస్సులో ఆడవాళ్లకి టికెట్ లేదు,
కార్డు మీద ఈ రాష్ట్రం ఉంటే.
మునిరత్నమ్మది కోలారు, సున్నా చీటీ ఇచ్చాడు.
నా కార్డు తిప్పి చూసి
"ఆంధ్రానా" అని ఇరవై తీసుకున్నాడు కండక్టరు.
ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం.
సిల్క్ బోర్డు దాటకముందే ఆమె
నా భుజం మీద నిద్రపోయింది,
వేళ్లు మాత్రం కొంగు అంచుని
కాజా కుడుతున్నట్టు నొక్కుతూ ఉన్నాయి.

బ్యాగులో పెన్సిలుంది.
చెరిపేయడానికి వీలుగా, పలచగా,
ఏడో గడిలో "మాట" అని రాశాను.
గుంతలో బస్సు కుదిపితే
"ట" కొంచెం గీత దాటింది.